హీరో లేని వేదిక: టోన్‌బ్రూకెట్ సంగీతాన్ని విప్పి చూస్తే

డబుల్ బేస్ అనే వాయిద్యం మనిషంత ఎత్తు ఉంటుంది. వయొలిన్ కుటుంబంలో అన్నిటికంటే పెద్దది. నాలుగు లావుపాటి తీగలు, వాటి వెనక బీరువాలాంటి చెక్క డొల్ల. జాజ్ బృందంలో దాని పని చాలావరకు ఒక్కటే, వేళ్ళతో మీటుతూ మిగతావాళ్ళకి నడక అందించడం. కచేరీలో తంబురా వేసే మనిషిలాగా, ఆగిపోతే తప్ప ఉన్నారని ఎవరికీ గుర్తు రాదు.

స్వీడన్‌కి చెందిన డాన్ బెర్గ్‌లుండ్ అదే వాయిద్యం పట్టుకుని, కమాను అందుకుని, తీగ మీద అదిమి లాగుతారు. ఆ శబ్దం తిన్నగా స్పీకర్‌లోకి వెళ్ళదు. రాక్ గిటారిస్టులు కాలి దగ్గర పెట్టుకునే, శబ్దాన్ని బరకగా మార్చే డిస్టార్షన్ పెడల్ గుండా వెళ్తుంది. బయటికొచ్చేసరికి బేస్ అని పోల్చుకోలేం, వయొలిన్ అనీ అనలేం. ఒక్కోసారి ఎలక్ట్రిక్ గిటార్ ఏడ్చినట్టుంటుంది. ఒక్కోసారి రాత్రిపూట రేవులోంచి ఓడ కూత వినిపించినట్టుంటుంది. మొదటిసారి విన్నప్పుడు ఈ గిటార్ ఎవరిదా అని రికార్డు మీది వివరాలు మూడుసార్లు చదివాను. బృందంలో గిటారే లేదు. పియానో, బేస్, డ్రమ్స్, అంతే.

ఆ బృందం ఎస్బియోర్న్ స్వెన్సన్ ట్రయో, పొట్టిగా ఇ.ఎస్.టి. అయితే నేను చెప్పబోయేది ముఖ్యంగా దాని తర్వాత బెర్గ్‌లుండ్ పెట్టిన నలుగురి బృందం టోన్‌బ్రూకెట్ గురించి. దీన్ని ఏ అరలో పెట్టాలో తేల్చడం కష్టం. జాజ్ అనే వాళ్ళున్నారు, పోస్ట్‌రాక్ (రాక్ వాయిద్యాలతో రాక్ కాని సంగీతం) అనే వాళ్ళున్నారు, సినిమా లేని సినిమా సంగీతం అనే వాళ్ళూ ఉన్నారు. నాకైతే ఈ సంగీతం అంటే ప్రాణం. అందుకే దీన్ని చదువుకునేటప్పుడు వెనకాల మోగే సంగీతాల జాబితాలో పడేసి వదిలేస్తుంటే మనసు చివుక్కుమంటుంది. లోపల ఏం జరుగుతోందో తెలిస్తే దీన్ని వెనకాల మోగనివ్వడం కష్టం.

ముగ్గురు పోయి నలుగురు

ఇ.ఎస్.టి. 1993లో మొదలైంది. పియానో వాయించే ఎస్బియోర్న్ స్వెన్సన్, డ్రమ్స్ వాయించే మాగ్నుస్ ఓస్ట్రోమ్ చిన్ననాటి నేస్తాలు, స్వీడన్‌లోని వెస్టెరోస్ ప్రాంతంలో కలిసి పెరిగినవాళ్ళు. వాళ్ళతో చేరిన మూడో మనిషి బెర్గ్‌లుండ్. ఆయనది అడవులెక్కువగా ఉండే యెమ్ట్‌లాండ్ ప్రాంతం, కుర్రతనంలో హార్డ్ రాక్ పిచ్చి. ఆ పిచ్చే తర్వాత డిస్టార్షన్ పెడల్ రూపంలో బయటపడింది.

పియానో ట్రయో అంటే జాజ్‌లో పాతకాపు. కానీ ఇ.ఎస్.టి. కచేరీ రాక్ షోలాగా ఉండేది. లైట్లు, పొగ, పెద్ద సౌండ్ సిస్టమ్. వాళ్ళ సౌండ్ ఇంజినీర్ ఓకె లింటన్‌ని బృందంలో నాలుగో సభ్యుడిలా చూసేవారు. ఇది చిన్న విషయం కాదు. మామూలు జాజ్ కచేరీలో సౌండ్ ఇంజినీర్ పని ఉన్న శబ్దాన్ని ఉన్నట్టు వినిపించడం. ఇక్కడ ఆయనే శబ్దాన్ని మలుస్తారు. పియానో స్వరం తోక ఎంతసేపు గాల్లో ఆగాలి, బేస్ ఎప్పుడు గోడలాగా లేవాలి అన్నది కూడా సంగీతంలో భాగమే. 2006లో అమెరికా జాజ్ పత్రిక డౌన్‌బీట్ ముఖచిత్రంగా వీళ్ళని వేసింది. ఒక యూరప్ జాజ్ బృందం ఆ అట్ట మీదికి ఎక్కడం అదే మొదటిసారి.

2008 జూన్ 14న స్టాక్‌హోమ్ పక్కనున్న ఇంగారో దీవి దగ్గర స్కూబా డైవింగ్ చేస్తూ స్వెన్సన్ చనిపోయారు. ఆయనకి 44 ఏళ్ళు. వాళ్ళ ఆఖరి ఆల్బం 'ల్యూకోసైట్' అప్పటికే రికార్డయి ఉంది, ఆ సెప్టెంబరులో వచ్చింది. సిడ్నీ స్టూడియోలో ముగ్గురూ కూర్చుని ముందేమీ రాసుకోకుండా వాయించుకుంటూ పోయిన సంగీతం అది. అందులో సరిగ్గా ఒక నిమిషం పాటు ఏ శబ్దమూ ఉండని ట్రాక్ ఒకటుంది. ఆయన బతికుండగా పెట్టుకున్న నిశ్శబ్దమే అది, సంతాపం కోసం పెట్టింది కాదు. అయినా ఆ నిమిషం దాకా వచ్చేసరికి నేను ఏ పని చేస్తున్నా చెయ్యి ఆగిపోతుంది.

పియానిస్టు పోయాడు కాబట్టి ఇంకో పియానిస్టుని తెచ్చుకుని ట్రయో నడిపించొచ్చు. బెర్గ్‌లుండ్ ఆ దారి పట్టలేదు. జాజ్‌లోనే మునిగినవాళ్ళని కాకుండా, రకరకాల చోట్ల నుంచి ముగ్గురిని పోగుచేశారు. యోహాన్ లిండ్‌స్ట్రోమ్ గిటార్, పెడల్ స్టీల్ (బల్లలాగా అడ్డంగా పెట్టి వాయించే గిటార్) వాయిస్తారు. మార్టిన్ హెడెరోస్ 'ది సౌండ్‌ట్రాక్ ఆఫ్ అవర్ లైవ్స్' అనే రాక్ బృందంలో కీబోర్డులు వాయించిన మనిషి. ఆండ్రెయాస్ వెర్లీన్ 'వైల్డ్‌బర్డ్స్ అండ్ పీస్‌డ్రమ్స్' అనే జంటలో సగం. అక్కడ ఉండేవి గొంతు, డ్రమ్స్, దాదాపు అంతే. డ్రమ్స్‌తో తాళం మాత్రమే కాదు, పాట మొత్తం కట్టడం ఆయనకి అక్కడే అలవాటు.

పేరు కూడా చూడండి. స్వీడిష్‌లో 'టోన్' అంటే స్వరం. 'బ్రూక్' అంటే ఇనుము కరిగించే చోటో, కాగితం మిల్లో, గాజు కార్ఖానానో. ఒక బ్రూక్ చుట్టూ ఊరే వెలిసేది, కార్మికుల ఇళ్ళు, బడి, గుడి అన్నీ దాని చుట్టూనే. కాబట్టి టోన్‌బ్రూకెట్ అంటే స్వరాల కార్ఖానా అనుకోవచ్చు. మొదటి ఆల్బం 2010లో 'డాన్ బెర్గ్‌లుండ్స్ టోన్‌బ్రూకెట్' అని ఆయన పేరుతోనే వచ్చింది. తర్వాత్తర్వాత ఆ ముందు పేరు రాలిపోయి కార్ఖానా మాత్రమే మిగిలింది. నాకు ఇందులో వాళ్ళ సంగీతం మొత్తం కనిపిస్తుంది, ఎందుకో తర్వాత చెప్తాను.

ఉత్తరాది జాజ్ ఎక్కడి నుంచి వచ్చింది

నార్డిక్ జాజ్, అంటే స్వీడన్, నార్వే లాంటి ఉత్తర యూరప్ దేశాల జాజ్ గురించి రాసేవాళ్ళలో చాలామంది మంచు, చీకటి, ఫ్యోర్డులు (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలు), ఒంటరితనం అంటూ మొదలుపెడతారు. చలికాలంలో మూడింటికే చీకటి పడుతుంది కాబట్టి సంగీతం దిగులుగా ఉంటుందట. ఈ మాట నాకు నచ్చదు. చలి వేల ఏళ్ళుగా ఉంది, ఈ సంగీతం వచ్చింది 1960లలో. కాబట్టి మనుషుల వైపు, బడుల వైపు, స్టూడియోల వైపు చూడాలి.

యాన్ యోహాన్సన్ అనే స్వీడిష్ పియానిస్టు ఉండేవారు. అమెరికా సాక్సఫోన్ విద్వాంసుడు స్టాన్ గెట్జ్‌తో వాయించిన అనుభవం ఉన్నవారు. ఆయన తమ దేశపు పాత జానపద బాణీలు తీసుకుని, గేయోర్గ్ రీడెల్ డబుల్ బేస్ తోడుగా, మరో వాయిద్యం లేకుండా వాయించారు. 1964లో వచ్చిన ఆ ఆల్బం పేరు 'యాజ్ పో స్వెన్‌స్కా', అంటే స్వీడిష్‌లో జాజ్. అందులో బాణీని ఉన్నది ఉన్నట్టు, దాదాపు చిన్నపిల్లాడు వేలితో వాయించినంత తేలిగ్గా మొదలుపెడతారు. స్వరానికి స్వరానికి మధ్య ఖాళీ వదులుతారు. ఆ ఖాళీలో బేస్ ఒక మాట అని ఊరుకుంటుంది. స్వీడన్‌లో ఎక్కువ అమ్ముడుపోయిన జాజ్ రికార్డుల్లో అదొకటి, ఇప్పటికీ ఇళ్ళల్లో మోగుతూనే ఉంటుంది. పిల్లలకి తెలిసిన పిప్పి లాంగ్‌స్టాకింగ్ పాట బాణీ కట్టింది కూడా ఈయనే. 1968లో కచేరీకి వెళుతూ కారు ప్రమాదంలో పోయారు, నలభై కూడా నిండలేదు.

రెండో మలుపు అమెరికా నుంచి వచ్చిన ఇద్దరు నల్లజాతి గురువులు. జార్జ్ రస్సెల్, డాన్ చెర్రీ. వీళ్ళ పేర్లు ఎత్తకుండా నార్డిక్ జాజ్ గురించి మాట్లాడితే అది సగం కథే.

జార్జ్ రస్సెల్ స్వరకర్త, సిద్ధాంతకర్త. 1960ల నడుమ నుంచి కొన్నేళ్ళు స్కాండినేవియాలో ఉన్నారు. ఆయన సిద్ధాంతం మన సంగీతం తెలిసినవాళ్ళకి చిటికెలో అర్థమవుతుంది. పాశ్చాత్య సంగీతమంతా మేజర్ స్కేలు మీద, అంటే మన శంకరాభరణం స్వరాల మీద కూర్చుని ఉంది. రస్సెల్ అన్నారు, అసలు పీట అది కాదు, లిడియన్ స్కేలు అని. లిడియన్ అంటే శంకరాభరణంలో శుద్ధ మధ్యమం తీసేసి ప్రతి మధ్యమం పెట్టడం, మన కల్యాణి. ఆ ఒక్క స్వరం మారితే ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. శంకరాభరణం ఇంటికొచ్చి కూర్చుంటుంది, కల్యాణి తలుపు తీసి ఉంచుతుంది. కలిపి మోగే ఒక స్వరాల గుంపుకి జవాబుగా ఇంకో గుంపు వచ్చి తీరాలనే పాత ఒత్తిడి అక్కడ తగ్గుతుంది. ఒకే చోట చాలాసేపు నిలబడొచ్చు. రస్సెల్ బృందంలో వాయించి నేర్చుకున్న నార్వే కుర్రాళ్ళలో సాక్సఫోన్ వాయించే యాన్ గార్బారెక్, గిటార్ వాయించే తెర్యే రిప్‌దాల్, డ్రమ్స్ వాయించే యోన్ క్రిస్టెన్సెన్ ఉన్నారు. డాన్ చెర్రీ స్వీడన్‌లో ఒక పాత బడి భవనంలో కాపురం పెట్టి, ప్రపంచంలో ఎక్కడి బాణీ అయినా తెచ్చి వాయించేవారు. మీ ఊళ్ళ పాటలు కూడా ఈ సంగీతంలోకి తీసుకురండని గార్బారెక్‌కి ధైర్యం చెప్పిన మనిషి ఆయన.

మూడోది ఒక స్టూడియో. 1969లో మ్యూనిక్‌లో మన్‌ఫ్రెడ్ ఐషర్ ఇ.సి.ఎం. అనే రికార్డు కంపెనీ మొదలుపెట్టారు. మరుసటి ఏడాది గార్బారెక్ బృందాన్ని ఓస్లోలో రికార్డు చేశారు. అక్కడ దొరికిన ఇంజినీరు యాన్ ఎరిక్ కోంగ్స్‌హౌగ్. వీళ్ళిద్దరూ కలిసి దశాబ్దాల పాటు ఒక రకమైన శబ్దాన్ని తయారుచేశారు. అప్పటి అమెరికా జాజ్ రికార్డుల్లో వాద్యకారులు మన పక్క టేబుల్ దగ్గర వాయిస్తున్నట్టు ఉండేవారు, చెమట వాసన వచ్చేంత దగ్గరగా. ఇ.సి.ఎం. రికార్డులో గది పెద్దదైపోయింది. గుళ్ళో రాతి మండపంలో చప్పట్లు కొడితే ఆ చప్పుడు స్తంభాల మధ్య తిరిగొచ్చి చల్లారేదాకా మనం ఆగుతాం కదా, అలా ఒక స్వరం పూర్తిగా ఆరిపోయేదాకా రెండో స్వరం ఆగుతుంది. ఆ కంపెనీ ఆల్బం పెడితే మొదట కొన్ని సెకన్లు ఏమీ వినిపించదు. సీడీ పాడైందని నేను మొదట్లో కంగారుపడ్డాను కూడా.

ఇంకొక కారణం ఉంది, అది కవితాత్మకంగా ఉండదు కాబట్టి ఎవరూ ఎత్తరు. స్వీడన్‌లో మున్సిపాలిటీలు నడిపే సంగీత బడులు దశాబ్దాలుగా ఉన్నాయి. ఊళ్ళో పిల్లలు కలిసి బ్యాండ్ పెట్టుకుంటే రిహార్సల్ గదికి అధ్యయన సంఘాల ద్వారా సాయం అందుతుంది. నార్వేలో 1997 నుంచి ప్రతి మున్సిపాలిటీకి ఒక సంగీత, కళల బడి ఉండాలని చట్టమే ఉంది. ట్రోన్‌హైమ్‌లో 1979 నుంచి జాజ్ కోర్సు నడుస్తోంది. బతుకుతెరువు భయం కొంచెం తగ్గితేనే కదా, ఎవరూ అడగని సంగీతాన్ని పదేళ్ళు కూర్చుని చెక్కగలిగేది.

పోస్ట్‌రాక్ అనే రెండో పాయ

ఇది తొందరగా చెప్పేస్తాను. 1994లో బ్రిటిష్ విమర్శకుడు సైమన్ రేనాల్డ్స్ ఈ పేరుని వాడుకలోకి తెచ్చారు. గిటార్, బేస్, డ్రమ్స్ లాంటి రాక్ సామాను తీసుకుని రాక్ కాని పని చేయడం అని ఆయన ఉద్దేశం. గిటార్‌తో ఊపు పుట్టించడం కంటే రంగు పూయడం ముఖ్యం. గాయకుడు చాలాసార్లు ఉండడు. ఉన్నా మధ్యలో నిలబడడు.

దీనికి ముందే ఇంగ్లండ్‌లో టాక్ టాక్ అనే పాప్ బృందం, హిట్లు వస్తున్న రోజుల్లోనే, ఆ దారి వదిలేసింది. 1988లో వచ్చిన వాళ్ళ 'స్పిరిట్ ఆఫ్ ఈడెన్' కోసం దాదాపు చీకటి గదిలో వాద్యకారులని కూర్చోబెట్టి గంటల కొద్దీ వాయింపించారు. తర్వాత అందులో చాలా భాగం కోసి పారేసి, మిగిలిన ముక్కలతో పాటలు కట్టారు. అందులో డబుల్ బేస్, ట్రంపెట్ ఉన్నాయి. అంటే ఈ కొత్త రాక్ పుడుతూనే జాజ్ వాయిద్యాలని పిలుచుకుంది. తర్వాత షికాగోలో టోర్టాయిస్, మాంట్రియల్‌లో గాడ్‌స్పీడ్ యూ బ్లాక్ ఎంపరర్, గ్లాస్గోలో మొగ్వాయ్, ఐస్‌లాండ్‌లో సిగుర్ రోస్ వచ్చాయి. సిగుర్ రోస్ గిటార్‌ని కమానుతో వాయిస్తుంది. అక్కడా కమానే, ఇక్కడా కమానే.

రెండు పాయలూ నిజంగా కలిసిన చోటు చూడాలంటే నార్వే బృందం యాగా జాజిస్ట్ దగ్గర ఆగాలి. 1994లో తోన్స్‌బర్గ్ అనే ఊళ్ళో మొదలైంది. దాని ప్రధాన స్వరకర్త లార్స్ హోర్న్‌త్వెత్‌కి అప్పుడు పద్నాలుగేళ్ళు. అన్న, అక్క కూడా అందులోనే. ఇత్తడి వాయిద్యాలు, సింథసైజర్లు, గిటార్లు కలిపి పెద్ద గుంపు. 2005లో వచ్చిన 'వాట్ వీ మస్ట్' పూర్తిగా గిటార్ల పొగమంచులో నడుస్తుంది. 2010 నాటి 'వన్ ఆర్మ్‌డ్ బాండిట్'ని మిక్స్ చేసింది షికాగో టోర్టాయిస్‌కి చెందిన జాన్ మెకెన్‌టైర్. రెండు ఊళ్ళ మధ్య రాకపోకలు అంత సూటిగా ఉన్నాయన్నమాట.

ఫ్యూజన్ కాదు ఇది

జాజ్, రాక్ కలవడం కొత్తేమీ కాదని ఎవరైనా అంటే అది నిజమే. 1970లలో గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ మహావిష్ణు ఆర్కెస్ట్రా ఆ పనే చేసింది, ఆ కలయికనే ఫ్యూజన్ అంటారు. ఆయన తర్వాతి కాలపు బృందం రిమెంబర్ శక్తిలో మన పాలకొల్లు కుర్రాడు శ్రీనివాస్ మాండలిన్ ఎలా పరుగెత్తిందో, జాకిర్ హుస్సేన్ తబలా దాన్ని ఎలా వెంటాడిందో విన్నవాళ్ళకి ఆ ఆనందం తెలుసు. ఒకరు సవాలు విసరడం, ఇంకొకరు అందుకోవడం, జనం 'ఆహా' అనడం. ఫ్యూజన్ ప్రాణం ఆ విద్వత్తులో, ఆ వేగంలో ఉంది.

టోన్‌బ్రూకెట్‌లో ఆ 'ఆహా' కోసం ఎదురుచూస్తే నిరాశే. ఎవరూ ముందుకు రారు. గిటార్ ఒక బాణీ ఎత్తుకుంటే నాలుగు చరణాల్లోపే కీబోర్డు దాని మీద ఇంకో పొర వేసేస్తుంది, గిటార్ ఆ పొర కింద కలిసిపోతుంది. బేస్ కమానుతో పైకి లేస్తే, ఆ లేవడం కూడా సోలోలాగా ఉండదు, నేల ఎత్తు పెరిగినట్టుంటుంది. నేను చెప్పదలచుకున్న అసలు సంగతి ఇదే. జాజ్‌లో హీరో సోలో వాయించేవాడు. రాక్‌లో హీరో పాడేవాడు, గిటారిస్టు. నార్డిక్ జాజ్ తన హీరోని మెల్లగా వెనక్కి పంపి ఆ చోట గదికీ, నిశ్శబ్దానికీ పీట వేసింది. పోస్ట్‌రాక్ తన హీరోని పంపేసి శబ్దపు పొరలకి పీట వేసింది. ఈ ఇద్దరూ కలవడానికి జాజ్ గొప్పదా, రాక్ గొప్పదా అనే బేరం అక్కర్లేదు. రెండు ఇళ్ళల్లోనూ ఖాళీ అయిన కుర్చీ ఒకటే. ముందు పేరు రాలిపోయి కార్ఖానా మిగిలిందని ఇందాక అన్నది దీనికే.

చెవితో పట్టుకోవాల్సినవి

తాళం దగ్గర మొదలుపెడదాం. పాత అమెరికా జాజ్‌లో స్వింగ్ ఉంటుంది. ఒక దెబ్బని రెండు ముక్కలు చేస్తే మొదటిది పొడుగు, రెండోది పొట్టి. తిశ్రగతిలో 'తకిట తకిట' అనుకుంటూ మొదటి రెండక్షరాలు సాగదీసి ఒకటిగా, మూడోది విడిగా అనండి. 'తా-ట తా-ట'. దాదాపు అదే స్వింగ్. ఒంటి కాలి మీద గెంతుతున్నట్టు ఊపొస్తుంది. నార్డిక్ జాజ్‌లో చాలాచోట్ల ముక్కలు సమానం, 'తకదిమి తకదిమి'. రాక్ కూడా ఎక్కువగా ఇలాగే నడుస్తుంది. అందుకే ఈ రెండూ అతుకు కనపడకుండా కలుస్తాయి. వెర్లీన్ డ్రమ్స్ విన్నప్పుడు ఇది గమనించండి. ఆయన దెబ్బలు లెక్క చెప్పడం కంటే వాతావరణం మార్చడానికే ఎక్కువ పడతాయి. మెత్తటి తల ఉన్న కర్రలతో సింబల్‌ని, అంటే డ్రమ్స్ పక్కన వేలాడే ఇత్తడి పళ్ళేన్ని నిమిరి, అది ఉబ్బి పెద్దదయ్యేదాకా వదిలేస్తారు.

తర్వాత పెడల్ స్టీల్. నా దృష్టిలో టోన్‌బ్రూకెట్‌ని ఇతర నార్డిక్ బృందాల నుంచి వేరు చేసేది ఇదే. అమెరికా పల్లె సంగీతంలో, కౌబాయ్ పాటల వెనకాల వినిపించే వాయిద్యం ఇది. పుట్టుక హవాయి గిటార్ నుంచి. బల్లలాగా అడ్డంగా ఉంటుంది, మామూలుగా ఒక వరసకి పది తీగలు. ఎడమ చేతిలోని ఉక్కు కడ్డీని తీగల మీద జారుస్తారు, కాలి పెడళ్ళతో, మోకాలి మీటలతో కొన్ని తీగల శ్రుతిని అప్పటికప్పుడు మారుస్తారు. గోటువాద్యం విన్నవాళ్ళకి ఆ జారు వెంటనే పట్టుబడుతుంది. తేడా ఏమిటంటే, పెడల్ వల్ల ఒక తీగ కదలకుండా ఉంటే పక్క తీగ జారుతుంది. ఒక స్వరం నిలబడి ఉండగా దాని పక్కనే ఇంకో స్వరం కరుగుతూ పోవడం, ఆ వాయిద్యం వదిలితే ఇంకెక్కడా అంత మెత్తగా దొరకదు. టెక్సాస్ ఎండకి చెందిన ఈ వాయిద్యాన్ని స్వీడన్‌కి తెచ్చి, దానికి ప్రతిధ్వని జోడించి, అడుగున కమాను బేస్ పరిచేసరికి ఎవరి దేశమో చెప్పలేని చోటు ఒకటి తయారవుతుంది. వాళ్ళ మూడో ఆల్బం పేరు 'నుబియం స్విమ్‌ట్రిప్'. చందమామ మీద మబ్బుల సముద్రం అని ఒక మైదానానికి ఖగోళ శాస్త్రవేత్తలు పెట్టిన పేరులోంచి ఆ నుబియం వచ్చింది. చందమామ మీద ఈత అని పేరు పెట్టుకున్నవాళ్ళ దగ్గర ఇంకే దేశం వెతుకుతాం.

ఇక నిర్మాణం. మామూలు జాజ్ ట్రాక్‌లో ముందు బాణీ వస్తుంది, తర్వాత ఒక్కొక్కరు సోలో, చివర మళ్ళీ బాణీ. కీర్తన పాడి, స్వరకల్పన చేసి, మళ్ళీ పల్లవికి వచ్చినట్టు. పోస్ట్‌రాక్‌లో తిరిగి రావడం ఉండదు. ఒక చిన్న తునక మొదలై, దాని మీద పొర, ఆ పొర మీద పొర, పది పన్నెండు నిమిషాల తర్వాత కొండంత అయి కూలిపోతుంది. టోన్‌బ్రూకెట్ ఈ రెంటిలో దేన్నీ పూర్తిగా తీసుకోలేదు. చాలా ట్రాకులు పొట్టిగానే ఉంటాయి. ఒక దృశ్యం తెరుచుకుంటుంది, అందులో ఒక్కటంటే ఒక్క సంగతి మారుతుంది, మూసుకుంటుంది. కొండ ఎక్కడం మొదలైందే అనుకునేలోపు మలుపు తిప్పి మూడు దెబ్బల వాల్ట్జ్ నడకలో పెడతారు. పోస్ట్‌రాక్ బృందాలు చాలా వాటిలో నిశ్శబ్దం, తర్వాత హోరు అనే సూత్రం అరిగిపోయింది. వీళ్ళు ఆ సూత్రాన్ని దగ్గరికి రానివ్వకపోవడం నాకు చాలా ఇష్టమైన విషయం.

ఒక పని మాత్రం తప్పకుండా చేయండి. దీన్ని ఫోన్ స్పీకర్‌లో వినకండి. డబుల్ బేస్ అడుగు తీగ సెకనుకి దాదాపు 41 సార్లు కంపిస్తుంది. ఫోన్‌లోని గోరంత స్పీకర్ అంత కిందికి దిగలేదు. ఒకసారి వంటింట్లో ఫోన్ కిటికీ మీద పెట్టి వీళ్ళ పాట పెట్టాను. కీబోర్డు, గిటార్ సన్నగా వినిపించాయి, ఏదో ఫర్వాలేదు అనిపించింది. రాత్రి అదే ట్రాక్ మంచి హెడ్‌ఫోన్స్‌తో విన్నాను. కింద ఇంకో అంతస్తు ఉంది. మొదటి నిమిషం నుంచే బేస్ కమానుతో ఒకే స్వరం పట్టుకుని, తంబురా శ్రుతిలాగా, మొత్తం పాటని మోస్తోంది. పగలు నేను విన్నది పునాది లేని ఇల్లు. వెనకాల మోగే సంగీతం అని తీసిపారేసేవాళ్ళలో సగం మంది విన్నది ఆ ఇల్లే అని నా నమ్మకం.

ఇది జాజేనా

ఈ ప్రశ్న అడిగేవాళ్ళని తేలిగ్గా తీసుకోకూడదు. జాజ్ అమెరికా నల్లజాతి ప్రజల బతుకులోంచి వచ్చింది. బ్లూస్, స్వింగ్ దాని రక్తంలో ఉన్నాయి. ఆ రెండూ తీసేసి, ప్రతిధ్వని కలిపి, అదే పేరుతో అమ్మితే ఎలా అని అడిగే హక్కు వాళ్ళకుంది. ఇంకో పక్క నుంచి చూస్తే, ఈ దారి చూపించిన రస్సెల్, చెర్రీ ఆ జాతి బిడ్డలే. మీ ఇంటి పాట మీరు వాయించండని చెప్పింది వాళ్ళే. నా మటుకు నాకు ఇందులో జాజ్ ఎక్కడ మిగిలిందంటే, వినడంలో. నలుగురూ ఒకరినొకరు అప్పటికప్పుడు వింటూ, ఆ విన్నదాన్ని బట్టి తాము ఏం చేయాలో, ముఖ్యంగా ఏం చేయకూడదో నిర్ణయించుకుంటారు. ముందే రాసుకుని వాయిస్తే ఆ తడబాటు, ఆ ఆగడం రాదు. స్టూడియోలోని ఆల్బం, 2018లో వచ్చిన లైవ్ ఆల్బం పక్కపక్కన పెట్టి వింటే అదే బాణీ ఎక్కడెక్కడ వేరే దారి పట్టిందో తెలుస్తుంది.

బలహీనత లేదని అనను. ప్రతిధ్వని చేతిలో ఉంటే ఏ మామూలు స్వరమైనా గంభీరంగా వినిపిస్తుంది, ఆ ప్రలోభానికి నార్డిక్ బృందాలు చాలా లొంగిపోయాయి. టోన్‌బ్రూకెట్‌లో కూడా ఒకటి రెండు ట్రాకులు అందంగా మొదలై అందంగానే మిగిలిపోతాయి, ఎక్కడికీ పోవు. కానీ బెర్గ్‌లుండ్ కమానుకి గరుకుదనం ఉంది. సరిగ్గా మనం మెత్తటి మబ్బులో పడి నిద్రలోకి జారుకునే సమయానికి ఆ గరుకు వచ్చి గీరుతుంది.

వినడం మొదలుపెట్టేవాళ్ళకి నా సలహా, కాలక్రమంలో వెళ్ళొద్దు. ముందు 2019 నాటి 'మాస్టర్స్ ఆఫ్ ఫాగ్' వినండి, నలుగురూ ఒకరికొకరు బాగా అలవాటైపోయిన కాలం అది. అది నచ్చితే వెనక్కి వెళ్ళి ఇ.ఎస్.టి. 'లైవ్ ఇన్ హాంబర్గ్' వినండి, ఇదంతా ఏ మంటలోంచి వచ్చిందో తెలుస్తుంది. ఓస్ట్రోమ్, బెర్గ్‌లుండ్ ఇద్దరూ మళ్ళీ ఒక పియానిస్టు పక్కన కూర్చోవడానికి చాలా ఏళ్ళు పట్టింది. నార్వేకి చెందిన బుగ్గె వెసెల్‌టోఫ్ట్‌తో కలిసి రిమ్‌దెన్ అనే ట్రయో పెట్టి 2019లో మొదటి ఆల్బం తెచ్చారు. స్వీడిష్‌లో ఆ మాటకి అంతరిక్షం అని అర్థం. దాన్ని ఆ తర్వాత వినండి.

అన్నిటికంటే ఆఖరున టోన్‌బ్రూకెట్ మొదటి ఆల్బం పెట్టి, అందులో 'సాంగ్ ఫర్ ఇ' అనే ట్రాక్ దగ్గర ఆగండి. ఆ 'ఇ' ఎవరో ఇప్పుడు మీకు తెలుసు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, లైటు తీసేసి వినండి.